ఒపెరా గాయకుడికి జీతమిచ్చేది ఎవరు?

ఒపెరా అనగానే మనకు తట్టేవి పెద్ద పేర్లే. పవరోటీ, మరియా కాలాస్, మిలాన్‌లోని లా స్కాలా, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్. ఆ మెట్టు దాకా ఎక్కేవాళ్లు చాలా కొద్దిమంది. నాలుగు వందల ఏళ్ల నాటి ఆ కళను ఇవాళ్టికీ నిలబెడుతున్నది మాత్రం మనం పేరు కూడా వినని గాయకులు. చిన్న పట్టణాల థియేటర్లలో నెలజీతానికి పాడేవాళ్లు, ఒక్కో నాటకానికి ఒప్పందం రాసుకుని ఊరూరా తిరిగేవాళ్లు, ఆదివారం చర్చిలోనూ పండగ రోజుల్లో కచేరీ హాల్లోనూ పాడి ఇంటి అద్దె కట్టుకునేవాళ్లు.

వీళ్ల జీవితాలను దగ్గరగా చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. ఒకే స్థాయి గొంతు, ఒకే చదువు ఉన్న ఇద్దరు గాయకుల్లో ఒకరు జర్మనీలోనూ ఇంకొకరు అమెరికాలోనూ స్థిరపడితే, పదేళ్లు తిరిగేసరికి వాళ్ల బతుకులకు పోలికే ఉండదు. ఆ తేడాకు కారణం ఎక్కువగా వాళ్లు పాడే ఊరు తన థియేటర్‌ను ఎలా పోషిస్తోందన్నదే. ఆ సంగతి సంగీతాన్ని ప్రేమించే మనకూ పనికొస్తుంది.

మైకు లేని పాట

ఒపెరా అంటే దాదాపు మొదటినుంచి చివరిదాకా పాటతో నడిచే నాటకం. గాయకులే నటులు. వేదిక ముందు గొయ్యిలాంటి చోట యాభై, అరవైమంది వాద్యకారులు కూర్చుంటారు. హాల్లో వెయ్యిమందికి పైగా శ్రోతలుంటారు. గాయకుడి దగ్గర మాత్రం మైకు ఉండదు. అంతమంది వాద్యకారులను దాటుకుని ఒక్క గొంతు చివరి వరుస దాకా ఎలా వినిపిస్తుంది?

స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ దీనికి జవాబు చెప్పాడు. వాద్యబృందం ధ్వనిలో బలమంతా సుమారు 500 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అక్కణ్నుంచి పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. శిక్షణ పొందిన గాయకుడు, ముఖ్యంగా పురుష గాయకుడు, గొంతులోని ఖాళీని ఒక తీరుగా మలుచుకుని 3,000 హెర్ట్జ్ ప్రాంతంలో అదనపు బలం తెచ్చుకుంటాడు. వాద్యాలు పలచబడిన ఆ చోటే మనిషి చెవికి బాగా చురుకైన చోటు కూడా. అందుకే అరవకుండానే అతని పాట వినిపిస్తుంది. ఈ ఒడుపు పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. సంగీత కళాశాలలో నాలుగు నుంచి ఆరేళ్ల చదువు, దాంతోపాటు ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచి భాషల ఉచ్చారణ, రెండు మూడు గంటల పాత్రను కంఠతా పట్టే సాధన, నటన. ఇవన్నీ ముగిసేసరికి పాతికేళ్లు దాటతాయి. అప్పటికీ చాలా గొంతులు ఇంకా పూర్తిగా పండవు.

గొంతుకు తగ్గ వేషం

ఆడగొంతుల్లో పైస్థాయిది సోప్రానో, మధ్యస్థాయిది మెజ్జో, కిందిది కాంట్రాల్టో. మగగొంతుల్లో టెనర్, బారిటోన్, బాస్. జర్మన్ థియేటర్లు వీటిని ఇంకా సన్నగా విడగొట్టి ‘ఫాఖ్’ అనే పద్ధతిని పెట్టుకున్నాయి. గొంతు తేలికగా, చలాకీగా పలుకుతుందా, బరువుగా గంభీరంగా పలుకుతుందా, గమకాల్లాంటి వేగపు స్వరాలను అవలీలగా వేస్తుందా అని చూసి ఏ గాయనికి ఏ పాత్రలివ్వాలో నిర్ణయిస్తారు. ఈ వర్గం చాలాసార్లు ఒప్పందంలోనే రాసి ఉంటుంది. తన వర్గానికి చెందని పాత్ర పాడనని చెప్పే హక్కు గాయనికి దాన్నుంచే వస్తుంది.

గొంతు వయసుతో మారుతుంది కాబట్టి వేషాలూ మారతాయి. మోత్సార్ట్ 1786లో వియన్నాలో ప్రదర్శించిన ‘ఫిగారో పెళ్లి’ ఒపెరానే తీసుకోండి. అందులో తోటమాలి కూతురు బార్బరీనా ఉంది, తెలివైన పరిచారిక సుజానా ఉంది, భర్త నిరాదరణకు కుమిలే ప్రభుపత్ని ఉంది, వయసు మళ్లిన మార్చెల్లీనా ఉంది. చదువు ముగించి వచ్చిన సోప్రానోకు సాధారణంగా మొదట దొరికేది బార్బరీనా వేషం. కొన్నేళ్లకు సుజానా, గొంతు నిండుదనం పొందాక ప్రభుపత్ని, చివరి ఏళ్లలో మార్చెల్లీనా. ఒక గాయని ముప్పై ఏళ్ల వృత్తి జీవితం ఒకే ఒపెరాలో ఇమిడిపోగలదు.

ఈ క్రమాన్ని తొందరపెడితే గొంతు దెబ్బతింటుంది. పాతికేళ్ల పిల్ల జర్మన్ స్వరకర్త వాగ్నర్ రాసిన బరువైన పాత్రలను నెత్తికెత్తుకుంటే నలభై రాకుండానే పాడలేని స్థితి రావచ్చు. ఇవాళ ప్రపంచంలో పేరుమోసిన టెనర్ యోనాస్ కౌఫ్‌మన్ 1994లో జర్మనీలోని జార్‌బ్రూకెన్ థియేటర్‌లో తొలి ఉద్యోగంలో చేరాడు. అక్కడ పని ఒత్తిడిలో అతని గొంతు మొండికేసింది. అప్పుడతను మైఖేల్ రోడ్స్ అనే గురువు దగ్గర పాడే పద్ధతినే మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు. నెమ్మదిగా ఎదిగే వీలున్న చోటు దొరకడం గాయకుడికి ఎంత అవసరమో అతని కథ చెబుతుంది.

టికెట్ల డబ్బు ఎందుకు చాలదు?

1637లో వెనిస్‌లో టికెట్టు కొనుక్కుని ఎవరైనా చూడగలిగే మొదటి ఒపెరాశాల తెరుచుకుంది. అప్పటినుంచి ఇప్పటిదాకా టికెట్ల మీదే ఒపెరాను నడపడం కష్టంగానే ఉంది. దీనికి కారణాన్ని 1966లో విలియం బౌమల్, విలియం బోవెన్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు వివరించారు. యంత్రాలు వచ్చాక నేతగాడు రోజుకు నేసే బట్ట ఎన్నో రెట్లు పెరిగింది. ‘ఫిగారో పెళ్లి’కి మాత్రం 1786లో ఎన్ని పాత్రలో ఇప్పుడూ అవే పదకొండు పాత్రలు, దాదాపు అంతే వాద్యబృందం, అన్నే గంటల పాట. మిగతా రంగాల్లో జీతాలు పెరిగేకొద్దీ ఇక్కడా పెంచక తప్పదు, కానీ ఉత్పత్తి పెరగదు. లోటు ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. ఆ లోటును ఎవరో ఒకరు భరించాలి. ఎవరు భరిస్తారన్న దగ్గరే జర్మనీ, అమెరికా దారులు వేరవుతాయి.

జర్మనీ: ఊరి ఖర్చుతో నడిచే థియేటర్

1871లో ఒకే దేశంగా ఏర్పడేదాకా జర్మనీ చిన్నా పెద్దా సంస్థానాల గుంపు. ప్రతి ప్రభువూ తన రాజధానిలో నాటకశాల, వాద్యబృందం ఉండాలని పంతం పట్టాడు. 1918లో రాజరికాలు పోయాయి, నాటకశాలలు మాత్రం నిలిచాయి. రాష్ట్రాలు, పురపాలక సంఘాలు వాటిని తమ చేతుల్లోకి తీసుకున్నాయి. ప్రజాధనంతో ఒపెరా నడిపే థియేటర్లు ఆ దేశంలో ఇవాళ్టికీ సుమారు ఎనభై ఉన్నాయి. వాటి ఖర్చులో ఎనభై శాతం దాకా ప్రభుత్వాలే పెట్టుకుంటాయి. టికెట్ల రాబడి చిన్న భాగమే.

టూరింగియా రాష్ట్రంలోని మైనింగెన్ జనాభా సుమారు పాతికవేలు. మన దగ్గర అది చిన్న పట్టణం కింద లెక్క. అక్కడ సొంత థియేటర్, ఒపెరా గాయకుల బృందం, 1690లో పుట్టిన వాద్యబృందం ఉన్నాయి. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ నాలుగో సింఫనీ 1885లో మొదటిసారి వినిపించింది ఆ ఊళ్లోనే, బ్రామ్స్ నిర్వహణలోనే. ఇప్పుడు బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌కు ప్రధాన నిర్వాహకుడైన కిరిల్ పెట్రెంకో 1999 నుంచి 2002 దాకా మైనింగెన్‌లో పనిచేశాడు. సోప్రానో డయానా డామ్రౌ వుర్జ్‌బుర్గ్ అనే మధ్యస్థాయి నగరంలో పాడటం మొదలుపెట్టింది. పెద్ద పేర్ల వెనక ఇలాంటి ఊరొకటి ఉండటం అక్కడ మామూలు.

ఈ థియేటర్లలో చేరిన గాయకుడు ఉద్యోగి. నెలనెలా జీతం, ఆరోగ్య బీమా, పింఛను, సెలవు ఉంటాయి. 2022 మొదట్లో నెలకు 2,000 యూరోలున్న కనీస జీతం సంఘాల పోరాటం తర్వాత 2023 జనవరికి 2,715 యూరోలకు చేరింది. మన రూపాయల్లో పెద్ద మొత్తంలా కనిపించినా అక్కడి పన్నులు, అద్దె పోగా పొదుపుగా బతకడానికి సరిపోయేదే. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ప్రభుత్వ ఉపాధి సంస్థలో కళాకారుల కోసమే ఒక విభాగం ఉంది. అక్కడ పాడి వినిపిస్తే ఖాళీలున్న థియేటర్లకు వాళ్లే పరిచయం చేస్తారు.

పని మాత్రం తేలిక కాదు. ఈ రాత్రి మోత్సార్ట్, ఎల్లుండి వెర్డీ, ఆదివారం మధ్యాహ్నం పిల్లల ఒపెరా. మధ్యలో కొత్త నాటకం రిహార్సల్స్. ఏడాదికి అరడజను పాత్రలు పాడటం మామూలే. ఇంకో ఊళ్లో గాయకుడికి జలుబు చేస్తే పొద్దున ఫోను వస్తుంది. రైలెక్కి సాయంత్రానికి చేరి, అంతకుముందెన్నడూ చూడని వేదిక మీద పాడి రావాలి. పదేళ్లు ఇలా గడిపిన గాయకుడి దగ్గర నలభై, యాభై పాత్రలు కంఠతా ఉంటాయి. ఏ కళాశాలా ఇవ్వలేని చదువు అది.

ఈ ఉద్యోగంలో అభద్రత కూడా ఉంది. ఒప్పందం ఒకటి, రెండేళ్లదే. కొనసాగించే ఉద్దేశం లేకపోతే థియేటర్ అక్టోబరు 31లోగా చెప్పాలి. చెప్పకపోతే ఒప్పందం మరో ఏడాది దానంతటదే కొనసాగుతుంది. అందుకే శరదృతువు గాయకుల ఇళ్లలో గుబులు పుట్టే కాలం. కొత్త అధిపతి వచ్చినప్పుడు తనకు నచ్చిన గాయకులను తెచ్చుకుని పాతవాళ్లను పంపేయడం రివాజు. పదిహేనేళ్లు ఒకేచోట పనిచేసినవాళ్లను అలా తీసేయడం కుదరదు. రక్షణ కోసం పెట్టిన ఈ నిబంధనే కొందరి పాలిట శాపమైంది. పదిహేనో ఏడు నిండకముందే సాగనంపే థియేటర్లున్నాయి. అప్పటికి గాయని వయసు నలభై దాటుతుంది, పిల్లలు బడిలో ఉంటారు. బృందగానంలో పాడేవాళ్లకు ఈ భయం తక్కువ. అందుకే మంచి గొంతున్నవాళ్లు కూడా కొందరు ముఖ్యపాత్రల ఆశ వదులుకుని కోరస్‌లో చేరతారు.

ఇన్ని లోపాలున్నా ఆ వ్యవస్థ బయటివాళ్లకు కూడా దారి చూపింది. అమెరికాకు చెందిన నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌కు సొంత దేశంలోని మెట్రోపాలిటన్ వేదిక మీద పాడే అవకాశం 1955లో గాని రాలేదు. అప్పటికి ఆమెకు యాభై ఏళ్లు దాటాయి. తర్వాతి తరంలో సెయింట్ లూయిస్‌లో పుట్టిన గ్రేస్ బంబ్రీ స్విట్జర్లాండ్‌లో జర్మన్ మాట్లాడే బాజెల్ నగర థియేటర్‌లో పాడుతూ ఎదిగింది. 1961లో జర్మనీలో వాగ్నర్ ఒపెరాల కోసం జరిగే బైరాయిట్ ఉత్సవంలో పాడిన తొలి నల్లజాతి గాయని ఆమే.

అమెరికా: నాటకానికో ఒప్పందం

అమెరికాలో ఒపెరాకు రాజులూ లేరు, పురపాలక థియేటర్లూ లేవు. ఊళ్లోని సంగీతాభిమానులు, సంపన్నులు కలిసి సంఘం పెట్టుకుని నడిపించారు. సిన్సినాటి ఒపెరా 1920లో ఆ నగరపు జూలో మొదలై యాభై ఏళ్లు అక్కడే నడిచింది. అయోవా రాష్ట్రపు పొలాల మధ్య ఇండియనోలా అనే చిన్న ఊళ్లో 1973 నుంచి వేసవి ఒపెరా జరుగుతోంది. ప్రజలు తమంతట తాము కట్టుకున్న ఈ సంస్థల పట్టుదలను మెచ్చుకోవాలి. ప్రభుత్వ సాయం నామమాత్రమే కావడంతో ఇవి టికెట్ల మీద, విరాళాల మీద ఆధారపడతాయి.

అందువల్ల మధ్యస్థాయి నగరపు సంస్థ ఏడాదికి మూడు నాలుగు ఒపెరాలు, ఒక్కోటి రెండు మూడుసార్లు ప్రదర్శిస్తుంది. ఏడాది పొడవునా గాయకులను పోషించే స్తోమత దానికుండదు. ప్రతి నాటకానికీ వేరుగా గాయకులను పిలుస్తుంది. మూడు వారాలు రిహార్సల్స్, తర్వాత ప్రదర్శనలు. చాలాచోట్ల పారితోషికం ప్రదర్శనకింత అని లెక్క. ఆ రోజు గొంతు పట్టేస్తే ఆ రాత్రి డబ్బు పోయినట్టే. వచ్చినదాంట్లో ఏజెంటుకు పదో వంతు, ఆపైన గురువుకు, పియానో మీద పాత్ర నేర్పే శిక్షకుడికి, ఆడిషన్ల ప్రయాణాలకు. రెండు నాటకాల మధ్య ఖాళీ నెలల్లో ఆదాయం ఉండదు.

కొత్తగా వచ్చినవాళ్లకు అక్కడి మెట్లు వేరు. జాన్ క్రాస్బీ స్థాపించిన సాంటా ఫే ఒపెరా 1957 నుంచే యువ గాయకులను వేసవిలో అప్రెంటిస్‌లుగా తీసుకుంటోంది. కోరస్‌లో పాడుతూ, చిన్న వేషాలు వేస్తూ, పెద్ద గాయకులకు ప్రత్యామ్నాయంగా పాత్రలు నేర్చుకుని ఉంటారు. కాన్సస్ నుంచి వచ్చిన జాయిస్ డిడొనాటో ఆ మెట్టు మీదుగానే ఎదిగింది. అయితే ఇలాంటి శిక్షణలు చాలావాటికి దరఖాస్తు రుసుము కట్టాలి, ఆడిషన్‌కు సొంత ఖర్చుతో వెళ్లాలి. ముప్పై దాటాక శిక్షణలకు వయసు మీరిపోతుంది, ముఖ్యపాత్రలకు పేరు చాలదు. ఎక్కువమంది వృత్తి వదిలేసేది ఆ మధ్యకాలంలోనే. విశ్వవిద్యాలయంలో గాత్రం నేర్పే ఉద్యోగం దొరికినవాళ్లు అదృష్టవంతులు.

విరాళాలు ఎండితే సంస్థ మూతపడుతుంది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత బాల్టిమోర్ ఒపెరా మూతపడింది. 2013లో న్యూయార్క్ సిటీ ఒపెరా దివాలా తీసింది. 2014లో శాన్ డియాగో ఒపెరా పాలకమండలి కూడా మూసివేతకు ఓటేసింది. అక్కడ మాత్రం ఊరివాళ్లు ఊరుకోలేదు. నిరసన తెలిపి, చందాలు పోగుచేసి ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకునేలా చేశారు.

కచేరీ ఆదుకునే తీరు

ఒపెరా ఖాళీ ఉంచిన నెలలను కచేరీ వేదిక నింపుతుంది. ఇక్కడ వేషం, నటన ఉండవు. పుస్తకం చేతిలో పట్టుకుని పాడవచ్చు. హ్యాండెల్ 1742లో డబ్లిన్‌లో తొలిసారి వినిపించిన ‘మెసయ్య’ ఇప్పుడు డిసెంబరు వచ్చిందంటే ఇంగ్లీషు మాట్లాడే దాదాపు ప్రతి నగరంలోనూ వినిపిస్తుంది. దానికి నలుగురు ఏకగాయకులు కావాలి. ఈస్టర్ ముందు బాహ్ రచనలు, ఏడాది చివర బేతోవెన్ తొమ్మిదో సింఫనీ కూడా అలాగే. ఒకటి రెండు రిహార్సల్స్, ఒక కచేరీ, ఒక చెక్కు. ఒపెరాకు వారాలు పట్టే చోట ఇది రెండు మూడు రోజుల్లో ముగుస్తుంది. అమెరికా నగరాల్లో చాలా చర్చిలు ఆదివారం ప్రార్థనలకు గాయకులను డబ్బిచ్చి పెట్టుకుంటాయి. మొత్తం చిన్నదే అయినా వారం వారం వస్తుంది. ఎంతోమంది ఒపెరా గాయకుల ఇంటి ఖర్చు గడిచేది దాంతోనే.

2020లో తేలిన సంగతి

2020 మార్చిలో కరోనాతో చాలా దేశాల్లో వేదికలు మూతపడ్డాయి. మెట్రోపాలిటన్ ఒపెరా మార్చి 12న తలుపులు మూసింది. ఏప్రిల్ నుంచి దాని వాద్యకారులకు, కోరస్ గాయకులకు నెలల తరబడి జీతాల్లేవు. ఒప్పందాల మీద పాడే ఏకగాయకులకు రద్దయిన ప్రదర్శనలకు చాలాచోట్ల ఏమీ ముట్టలేదు. జర్మనీలో థియేటర్ ఉద్యోగులైన గాయకులకు పని తగ్గిన కాలానికి ఇచ్చే ప్రభుత్వ భత్యంతో జీతంలో ఎక్కువ భాగం అందింది. అదే జర్మనీలో ఉద్యోగం లేక అతిథులుగా పాడేవాళ్లు మాత్రం అమెరికా గాయకుల్లాగే ఇబ్బంది పడ్డారు. ఒకే నగరంలో, ఒకే వేదిక మీద పాడిన ఇద్దరిలో ఒకరి ఇల్లు గడిచింది, ఇంకొకరిది గడవలేదు. వాళ్లిద్దరి మధ్య తేడా ఆ ఉద్యోగ పత్రమే.

మనకు తెలిసిన దారే

ఇదంతా పరాయి కథలా అనిపించవచ్చు. నిజానికి మన పద్యనాటకం ఈ రెండు దారులనూ చూసింది. మైనింగెన్‌లో బ్రామ్స్ సింఫనీ వినిపించిన 1885లోనే కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు నాటక సమాజం పుట్టింది. కుటుంబాలకు కుటుంబాలే ఒక బృందంగా కలిసి బతికి, రోజుకో నాటకం ఆడిన సమాజం అది. తర్వాత కాంట్రాక్టు నాటకాలొచ్చాయి. కాంట్రాక్టరు ఒక్కో ఊరినుంచి ఒక్కో పేరున్న నటగాయకుణ్ని బయానా ఇచ్చి పిలిచి, ఒక్క రాత్రికి కలిపి ఆడించేవాడు. పేరున్నవాళ్లకు డబ్బొచ్చింది, వాళ్ల పద్యానికి వన్స్‌మోర్‌లు పడ్డాయి. కలిసి సాధన చేసే బృందాలు మాత్రం పలచబడ్డాయి. చిన్న వేషాలతో మొదలై ఎదిగే కుర్రవాడికి చోటు లేకుండా పోయింది.

గాయకుడికి నెలజీతం ఇచ్చిన అనుభవమూ మనకుంది. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నిలయ విద్వాంసులను నియమించుకుంది. వోలేటి వెంకటేశ్వర్లు వంటి మహాగాయకుడు అక్కడ ఉద్యోగంలో ఉండి పాడాడు. వారం వారం వినిపించిన ఆ సంగీతంతో రెండు తరాల శ్రోతలు, శిష్యులు తయారయ్యారు. రాజపోషణలో 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల ప్రభుత్వ సంస్థగా నేటికీ నడుస్తోంది. అంటే మనకు ఆ దారి కొత్తది కాదు. కాలక్రమంలో మనం దాన్ని చాలావరకు వదిలేశాం. ఇప్పుడు మన ప్రభుత్వాలు కళాకారులకు ఇస్తున్నది ఎక్కువగా శాలువా, జ్ఞాపిక, ఉత్సవంలో ఒక రాత్రి అవకాశం. వాటితో గౌరవం దక్కుతుంది, ఇల్లు గడవదు.

మైనింగెన్ అంత ఊరు ఒపెరా బృందాన్ని పోషించగలిగినప్పుడు, లక్షల జనాభా ఉన్న మన జిల్లా కేంద్రాలు పదిమంది గాయకులను, ఇద్దరు ముగ్గురు హార్మోనిస్టులను ఉద్యోగంలో పెట్టుకోలేవా? పట్టణానికో ప్రేక్షాగృహం ఉంది. ఏడాదిలో చాలా రోజులు దానికి తాళం వేసే ఉంటుంది. అక్కడ నెలకు నాలుగు రాత్రులైనా తప్పకుండా పద్యనాటకమో కచేరీనో జరగాలి. పాడేవాళ్లకు ఏడాది పొడవునా జీతం అందాలి. జర్మనీ నిబంధనల్లోని లోపాలను వదిలేసి, గాయకుణ్ని నిలబెట్టిన మేలును మనం తీసుకోవచ్చు. మీ ఊరి పురపాలక సంఘం బడ్జెట్ చర్చకు వచ్చినప్పుడు ఈ మాట అడగండి. ప్రదర్శన జరిగే రాత్రి టికెట్టు కొని వెళ్లి ముందు వరుసలో కూర్చోండి.